ఇరవైకి తక్కువ ఇవ్వొద్దు

లండను టంకశాలలో నేను నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాను. హెన్రీ రాజుగారి పొడుగు సిలువ పెన్నీలు, ఆయన పోయాక కొడుకు ఎడ్వర్డు రాజుగారి కొత్త పెన్నీలు, రెండూ నా వేళ్ళ మధ్యనుంచే బయటికి వెళ్ళాయి. ఒక వేసవి రోజున పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా రెండు వేల నాణేలకు అచ్చు పట్టాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ అన్ని పట్టలేదు. నాణేల వన్నె పరీక్షకు నగర పెద్దలు కూర్చున్నప్పుడు పనివాళ్ళ తరఫున సాక్షిగా మూడుసార్లు నన్నే పిలిచారు. మా ఊరి పాదిరిగారి దగ్గర చర్చి వసారాలో నాలుగు చలికాలాలు చదువుకున్నాను కాబట్టి, సుత్తి పట్టేవాళ్ళలో, అచ్చు పట్టేవాళ్ళలో అక్షరం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అరవై రెండేళ్ళు వచ్చాక ఇవి చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

కానీ ఈ తోలు కాగితం కొన్నది నా గొప్పలు రాసుకోవడానికి కాదు. నా జోడీ సుత్తివాడు, అన్నా అని పిలుచుకున్న మా థర్‌స్టన్ కోసం. ఆయన పేరు ఏ రాతిమీదా లేదు. ఆయన కొట్టిన నాణేల మీద కూడా ఉండేది టంకశాల పెద్దాయన పేరే. సుత్తి ఎవరిదో నాణెం చెప్పదు.

థర్‌స్టన్‌ది ఎసెక్స్‌లో వెదర్లీ. లండనుకు రెండు రోజుల నడక. దొరగారి పొలానికి కట్టుబడిన కుటుంబం వాళ్ళది. దొర సెలవు లేకుండా ఊరి పొలిమేర దాటకూడదు. పదిహేడేళ్ళ వయసులో ఒక తెల్లవారుజామున ఆయన పారిపోయాడు. ఎవరికీ చెప్పలేదు, కానీ చెల్లెలు ఆల్డిత్ కనిపెట్టేసింది. పదేళ్ళ పిల్ల. ఏడవలేదట. ముందు రోజు సాయంత్రం తినకుండా దాచుకున్న రై గింజల రొట్టె ముక్క తెచ్చి ఆయన సంచిలో వేసి, "నువ్వు వెళ్ళి తిను, నాకు ఆకల్లేదు" అందట. ఆ ముక్క ఎంతుండేదో థర్‌స్టన్ అన్న చేతివేళ్ళతో చూపించేవాడు. తాగినప్పుడు చూపించేవాడు, తాగనప్పుడూ చూపించేవాడు. మేము నవ్వేవాళ్ళం, ఏటేటా ఆ రొట్టె పెరుగుతోందని.

పట్నంలో ఏడాది మీద ఒక రోజు గడిపితే కట్టుబడినవాడు స్వేచ్ఛాజీవి అవుతాడు. థర్‌స్టన్ ఆ ఏడాదంతా తోళ్ళు నానబెట్టే గుంటల్లో పనిచేసి, మూడువందల అరవై ఆరో రోజున మా టంకశాల గుమ్మం ఎక్కాడు. చట్టం ఏం చెప్పినా వెదర్లీ మాత్రం తిరిగి వెళ్ళలేదు. దొర మనుషులకు చిక్కితే ముందు కాళ్ళు విరగ్గొట్టి తర్వాతే చట్టం వింటారని అందరికీ తెలుసు.

నేను పనిలో చేరిన రోజు నుంచీ ఆయనకు జోడీగా ఉన్నాను. కింది అచ్చు చెక్కమొద్దులో దిగేసి ఉంటుంది. దానిమీద వెండి బిళ్ళ పెట్టి, పై అచ్చును నేను చేత్తో పట్టుకోవాలి. ఆయన కొట్టాలి. వెండికి మూడు దెబ్బలు. మూడో దెబ్బ పడ్డాక చూస్తే ఒకవైపు రాజుగారి ముఖం, ఇంకోవైపు అంచుదాకా చాచిన సిలువ. ఏడేళ్ళపాటు ఆ సుత్తి నా వేళ్ళకు అంగుళం పైన పడింది. ఒక్కసారి కూడా తాకలేదు.

రాజుగారు బంగారు పెన్నీ కొట్టమన్న ఏడు నాకు ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు ఈ దేశంలో మా తాతలెవరూ బంగారు నాణెం కొట్టి ఎరగరు. రెండు వెండి పెన్నీల బరువు, ఇరవై పెన్నీల విలువ. రాజుగారు సింహాసనం మీద కూర్చుని ఉంటారు, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో లోకానికి గుర్తుగా గోళం. వెనక సిలువ, నాలుగు మూలలా గులాబీలు. ఆ వసంతంలోనే రాజుగారి చిన్న కూతురు చనిపోయింది. మూడేళ్ళ పిల్ల, చెవులు వినబడేవి కావు. రాజుగారు ఆ దుఃఖంతో మంచం పట్టారని, వెండి బొమ్మ చేయించి పిల్ల సమాధి మీద పెట్టిస్తున్నారని కంసాలులు చెప్పుకునేవారు. అచ్చు చెక్కినవాడికి ఆ సంగతి తెలుసో లేదో గానీ, ఆ బంగారంలో రాజుగారి ముఖం చూస్తే థర్‌స్టన్ అన్న ప్రతిసారీ "పాపం, నిద్రలేదు ఈయనకి" అనేవాడు.

బంగారం మెత్తన. వెండికి కొట్టినట్టు కొడితే బిళ్ళ జారిపోతుంది. మొదటి బిళ్ళకు థర్‌స్టన్ పాత అలవాటుగా కొట్టాడు. తీసి చూస్తే రాజుగారి చేతిలోని గోళం సగమే పడింది, మిగతా సగం అంచు దాటి పోయింది. పెద్దాయన వచ్చి దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"సగం లోకాన్ని పోగొట్టావు కదరా థర్‌స్టన్. ఇది రాజుగారికి ఎలా చూపించను?"

మా టంకశాలలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త అచ్చు మీద పడిన మొదటి నాణెం సుత్తివాడిది. వెండి పెన్నీ కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇది బంగారం. పెద్దాయన ఇస్తాడా, మాట దాటేస్తాడా అని అందరం ఆయన చేతివంకే చూస్తున్నాం. ఆయన దాన్ని థర్‌స్టన్ అరచేతిలో పెట్టాడు.

కొలిమి దగ్గర ముసలి అడమ్ ఊరుకోలేదు. "ఇకమీదట మాతో మాట్లాడతావా అన్నా, మనిషిని పెట్టి చెప్పిస్తావా?" అన్నాడు. థర్‌స్టన్ నవ్వి ఆ సాయంత్రం అందరికీ బార్లీ కల్లు పోయించాడు. వెండి ఇచ్చి పోయించాడు, బంగారం ముట్టలేదు.

చలి మొదలయ్యేసరికి ఆ నాణెం మీద మోజు పోయింది. నగర పెద్దలు రాజుగారి ముందు నిలబడి, మా ఊళ్ళో పేదవాళ్ళకి ఇంట్లో ఉన్నదంతా అమ్మినా ఒక్క బంగారు పెన్నీ రాదు, దీన్ని ఏం చేసుకోవాలి అని చెప్పారట. సంతలో జనం వెండి పెన్నీని సిలువ గీతల వెంబడి నరికి పావు ముక్కతో రొట్టె కొంటారు. బంగారాన్ని ఎవరు నరుకుతారు? రాజుగారు నాణెం ఉంటుంది గానీ, ఇష్టం లేనివాళ్ళు పుచ్చుకోనక్కర్లేదని చాటించారు. మార్చుకోవాలంటే రాజుగారి మారకశాలకు తెస్తే పందొమ్మిదిన్నర ఇస్తారు.

ఆ అరపెన్నీ థర్‌స్టన్ అన్న గుండెలో ములుకై కూర్చుంది. మార్చుకో అన్నా అని నేను చెప్పాను. అడమ్ చెప్పాడు. కల్లు అమ్మే సిసిలీ అయితే, దాన్ని మొలకి కట్టుకో, దిష్టి తగలదు అని ఏడిపించేది. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచి ఒకటే మాట అనేవాడు.

"నేను ఇరవైకి కొట్టానురా హామో. పందొమ్మిదిన్నరకి కొట్టలేదు."

బయటివాళ్ళకు ఇది మొండితనంలా ఉంటుంది. సుత్తివాడికి కాదు. వాడి దెబ్బ పడకముందు అది ముక్క లోహం, పడ్డాక రాజుగారి మాట. మాటలో అరపెన్నీ తగ్గుతుందంటే వాడి దెబ్బే తప్పినట్టు. నాకు అప్పుడు ఆ మాట ఎంతో గొప్పగా తోచింది.

ఆ ఏడు వాన ఆగలేదు. కోతకు వచ్చిన గోధుమ పొలంలోనే మొలకెత్తి కుళ్ళింది. క్రిస్మసు నాటికి లండను వీధుల్లో పల్లెలవాళ్ళు గోడలకు ఆనుకుని కూర్చోవడం మొదలైంది. వెదర్లీ మీదుగా కట్టెలు తోలే ఓడో అనే బండివాడు ఉండేవాడు. జనవరిలో వాడు టంకశాల గుమ్మంలోకి వచ్చి వార్త చెప్పాడు. ఆల్డిత్ మొగుడు జ్వరంతో పోయాడు. ఇంట్లో తొమ్మిదేళ్ళ ఆడపిల్ల గున్నిల్డ్, పాలు తాగే మగపిల్లాడు. విత్తనాలకు దాచిన బఠాణీలు కూడా ఉడకేసుకుని తినేశారు. దొర కట్టుబాటు ఉంది, కాళ్ళు వాచాయి, కాబట్టి ఆల్డిత్ పట్నానికి రాలేదు.

థర్‌స్టన్ అన్న ఆ పూట పని ఆపలేదు. సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, నాణెం పంపుతానన్నాడు.

మార్చి వెండి పంపమని నేను మళ్ళీ చెప్పాను. ఆ మాట చెప్పానని ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయన దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. పందొమ్మిది పెన్నీలు మూటకడితే మోగుతాయి, దారిలో ఆకలిగొన్నవాళ్ళు గొంతు కోస్తారు. ఒక్క బిళ్ళయితే ఓడో చొక్కా అంచులో కుట్టేయొచ్చు. అది నిజమే. కానీ అంతటితో ఆగలేదు.

"ఆల్డిత్ చేతిలో బంగారం ఉందని ఊరంతా చూడాలిరా. పారిపోయినవాడు ఏమయ్యాడో దొర మనుషులకి తెలియాలి. నువ్వు ఒక ఉత్తరం రాసిపెట్టు, పాదిరిగారు చదివి వినిపిస్తారు."

అప్పటిదాకా నేను గోడల మీద, బల్లల మీద రాయడమే గానీ ఇంకొకరి కోసం ఉత్తరం రాసింది లేదు. తోలు ముక్క సంపాదించి, మసి నూరి, రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. ఇది మన రాజుగారి నాణెం, నా ఎదుటే నీ అన్న కొట్టాడు, దీని విలువ ఇరవై పెన్నీలు అని రాశాను. ఇరవైకి తక్కువ ఇవ్వొద్దు అని ఆయన చెప్పాడు, అదీ రాశాను. చివర కొంచెం చోటు మిగిలింది. ఖాళీగా ఉంటే అందంగా లేదనిపించి, ఎవరినీ దీన్ని ముక్క చేయనివ్వొద్దు, ముక్క చేస్తే రాజుగారిని అవమానించినట్టే అని నా అంతట నేనే కలిపాను. చదివి వినిపిస్తే థర్‌స్టన్ అన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని నా భుజం తట్టాడు. ఆ తోలు ముక్క మీద ఒక్క అక్షరం కూడా వంకరపోలేదు.

ఈస్టరుకు ముందు ఉపవాసాల తపస్కాలం మొదలయ్యేటప్పటికి ఓడో తిరిగొచ్చాడు. నాణెం ఆల్డిత్ చేతికే ఇచ్చానన్నాడు. పాదిరిగారు చర్చి గుమ్మంలో నిలబడి ఉత్తరం రెండుసార్లు చదివారట, ఊరంతా విందట. ఆల్డిత్ దాన్ని దారానికి కట్టి మెళ్ళో వేసుకుందట. ఆ ఆరు వారాలూ థర్‌స్టన్ అన్న సుత్తి ఎంత తేలిగ్గా పడేదో నేను చెప్పలేను. తను పస్తున్న రోజు కూడా, అక్కడ పిల్లలు జావ తాగుతూ ఉంటారు అనేవాడు. లండనులో ధాన్యం ధర రోజుకొక మెట్టు ఎక్కుతోంది. ఊరి బయట పెద్ద గుంటలు తవ్వి శవాలను వరసలుగా పెడుతున్నారు. సముద్రం అవతలనుంచి ధాన్యం ఓడలు వస్తున్నాయని చెప్పేవారు. వచ్చినవి ఎవరికి అందాయో మాకు తెలియదు.

ఈస్టరు వెళ్ళిన వారానికి ఓడో మళ్ళీ కనిపించాడు. ఈసారి థర్‌స్టన్ మొహంలోకి చూసి, వెదర్లీ వైపు బండి ఆపడం లేదన్నాడు. అడిగితే, అక్కడ కట్టెలు కొనేవాళ్ళు లేరన్నాడు.

థర్‌స్టన్ అన్న సుత్తి కింద పెట్టి, అంగీ తీసుకుని బయల్దేరాడు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు భయపడిన పొలిమేర దాటుతుంటే అడ్డగించడానికి ఎవరూ రాలేదు. దొర ఇంటి గేటు దగ్గర ఒక మనిషి కూర్చున్నాడు గానీ, వాడికి లేచే ఓపిక లేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. ఆల్డిత్ పోయి ఎనిమిది రోజులైంది. చంటివాడు అంతకు ముందే. పాదిరిగారు ఇద్దరినీ ఒకే గుంటలో పెట్టారు. గున్నిల్డ్ పొయ్యి పక్కన గడ్డిలో కూర్చుని ఉంది. మాకేసి చూసి, ముందు నావైపు కాదు, థర్‌స్టన్ చేతులవైపు చూసింది. సుత్తి పట్టే చేతులు ఎలా ఉంటాయో తల్లి చెప్పి ఉంటుంది.

సంగతి మాకు ఆ పిల్లే చెప్పింది. ఉత్తరం చదివిన మర్నాడే ఆల్డిత్ పిండిమర వాడి దగ్గరకు వెళ్ళింది. వాడికి బంగారం అంటే భయం, బూటకమేమోనని. కొట్టి చూశాడు, కొరికి చూశాడు. నరికి ఒక పావు ఇస్తే బార్లీ ఒక కుంచం ఇస్తానన్నాడు. నరకకూడదంది. అయితే మొత్తం ఇచ్చెయ్, లోపల చూడని బంగారానికి రెండు కుంచాలే కొలుస్తానన్నాడు. ఇరవై పెన్నీలకు అంతకు మూడింతలు రావాలి, ఇరవైకి తక్కువ ఇవ్వొద్దని ఉత్తరంలో ఉందంది. వారం తర్వాత మళ్ళీ వెళితే ఒక్క కుంచమే అన్నాడు. ఇంకో వారానికి వాడి దగ్గర కొలవడానికి ఏమీ లేదు. ఆ తర్వాత ఆల్డిత్ వెళ్ళలేదు, నడవలేక. పిల్ల ఏడిస్తే మెళ్ళోని నాణెం చూపించి, మావయ్య పెద్ద పట్నంలో రాజుగారికి పనిచేస్తాడు, మనకి తక్కువకి ఇవ్వాల్సిన ఖర్మేమిటి అనేదట.

ఇంత చెప్పి గున్నిల్డ్ తన మెళ్ళోని దారం తీసింది. తల్లి పోయాక తనే వేసుకుంది.

"అమ్మ ఎవరికీ ఇవ్వలేదు మావయ్యా. నువ్వు వద్దన్నావుగా."

థర్‌స్టన్ అన్న దాన్ని అందుకోలేదు. అందుకోమని పిల్ల చెయ్యి చాపే ఉంచితే నేను పుచ్చుకున్నాను. రాజుగారి చేతిలో గోళం సగమే ఉంది. గోడ పగుల్లో నా ఉత్తరం నాలుగు మడతలు పెట్టి దాచి ఉంది. అక్షరాలు చెదరలేదు.

పిల్లను ఆయన భుజాన వేసుకుని తిరుగుదారి పట్టాం. మా దగ్గరున్న రొట్టె మొదటి రోజే అయిపోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి పిల్ల తల వాలిపోవడం మొదలైంది. దారి పక్కన ఒక ఇంట్లోనుంచి రొట్టె కాలుతున్న వాసన వచ్చింది. ఆ ఇల్లాలు కిటికీ సగం తెరిచి, చేతిలో కత్తి పట్టుకునే మాతో మాట్లాడింది. ఒక్క రొట్టె ఉంది, మా పిల్లలకే చాలదు, వెళ్ళిపొండి అంది.

థర్‌స్టన్ అన్న నావైపు చెయ్యి చాపాడు. నేను నాణెం ఇచ్చాను. ఆయన కిటికీలోనుంచి దాన్ని లోపల పెట్టాడు.

ఆమె దాన్ని ఎప్పుడూ చూసి ఉండదు. "ఇదేంటి, ఇత్తడా?" అంది.

"నరికి చూసుకో అమ్మా" అన్నాడు థర్‌స్టన్ అన్న.

ఆమె కిటికీ గట్టు మీద పెట్టి కత్తితో రెండు దెబ్బలు వేసింది. సింహాసనం నడుమ రెండు ముక్కలైంది. లోపల కూడా పసుపే ఉందని చూసుకుని, రెండు ముక్కలూ తీసుకుని రొట్టెలో సగం ఇచ్చింది. ఎంత ముక్క ఇచ్చిందో ఆయన ఎన్నడూ చేతివేళ్ళతో చూపించలేదు. ఆ పాత రొట్టె ముక్క కథ కూడా ఆ రోజు తర్వాత మేమెవరం వినలేదు.

పిల్ల బతికింది. సిసిలీ తన ఇంట్లో ఉంచుకుని, బార్లీ జావ చెంచాతో పోసి పోసి లేపింది.

థర్‌స్టన్ అన్న పనిలోకి వచ్చాడు. ఆ జూన్‌లో ఒక ఉదయం, వెండి మీద రెండో దెబ్బకే ఆయన సుత్తి నా ఎడమచేతి చూపుడువేలి మీద పడింది. ఇప్పటికీ వంకరగానే ఉంది, ఈ కలం పట్టే చేతికి పక్కనే కనిపిస్తోంది. ఆయన సుత్తి పెద్దాయన బల్లమీద పెట్టి, నన్ను కొలిమి దగ్గర వేయండి అని అడిగాడు. అందరికంటే సూటిగా కొట్టే మనిషిని పోగొట్టుకోవడం ఇష్టంలేక పెద్దాయన చాలా చెప్పి చూశాడు. ఆయన మళ్ళీ సుత్తి ముట్టలేదు.

బంగారు పెన్నీలు కొద్దికొద్దిగా మారకశాలకు తిరిగి వస్తూనే ఉండేవి. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి కరిగించేవారు. ఒక శరత్కాలంలో వచ్చిన గుప్పెడులో ఒక సగం ముక్క కనిపించింది. రాజుగారి నడుము పైభాగం, అంచున సగమే ఉన్న గోళం. నేను గుర్తుపట్టి పక్కకు తీశాను. పెద్దాయనకు ఆ విలువకు సరిపడా వెండి నేను ఇచ్చుకుంటాను, దాచుకుందువుగాని అన్నా అని చూపించాను.

థర్‌స్టన్ అన్న బంగారం కరిగించే మూస పక్కన పట్టకారుతో కూర్చుని ఉన్నాడు. ముక్కను మంట వెలుగులో చూశాడు. "నిద్రలేదు ఈయనకి" అన్నాడు. తర్వాత తనే మూసలో వేశాడు. అది కరగడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పెరిగాక గున్నిల్డ్‌ను నేనే పెళ్ళాడాను. చర్చి గుమ్మంలో ఆయనే ఆమె చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ మరుసటి చలికాలం, నలభై అయిదేళ్ళకు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఇంతే ఆయన చరిత్ర. లెక్కకు లక్షల పెన్నీలు కొట్టాడు. ఒక్క బంగారు పెన్నీ తనదని అనుకున్నాడు.

ఆ తర్వాత నేను చాలా ఉత్తరాలు రాశాను. వితంతువులకు, ఖైదులో ఉన్నవాళ్ళకు, సముద్రం మీద ఉన్నవాళ్ళకు. చీప్‌సైడు వీధిలో హామో రాతంటే ఇప్పటికీ పేరుంది. వాళ్ళు చెప్పిన మాటకు ఒక్క మాట కూడా కలపలేదు. చివర చోటు మిగిలితే కత్తితో కోసేసేవాణ్ణి.

నా భార్యకు ఇప్పుడు నలభై తొమ్మిది. నిన్న చేపలు కొనడానికి తనతోపాటు వెళ్ళాను. చేపలవాడు ఎప్పటిలా పావు పెన్నీ ఎక్కువ చెప్పాడు. ఎందుకంటే ఈమె బేరమాడదని వీధి వీధంతా తెలుసు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆడలేదు, కొనేటప్పుడూ ఆడలేదు, తను అల్లిన ఉన్ని అమ్మేటప్పుడూ ఆడలేదు. మొదట చెప్పిన ధరకే తల ఊపేస్తుంది. పెళ్ళయిన కొత్తలో నేను ఒకసారి మందలించబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను.

నిన్న కూడా చేప బుట్టలో వేసుకుని, చేతికొచ్చిన పెన్నీ ఇచ్చేసి, చిల్లర కోసం చూడకుండా ఇంటివైపు నడిచింది. నేను వెనక నిలబడి చిల్లర ముక్క అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చి ఆమెకు కనబడకుండా డబ్బాలో వేశాను.